ఎడారి జింక ముహూర్తం

అమెరికా నైరుతి మూలన అరిజోనా దక్షిణ భాగంలోనూ, సరిహద్దు దాటితే మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలోనూ పరుచుకున్నది సొనోరన్ ఎడారి. ఎడారి అనగానే ఇసుక తిన్నెలు కళ్ల ముందు మెదులుతాయి గాని ఇక్కడ ఎక్కువగా కనబడేవి రాతి కొండలు, ముళ్లపొదలు, ఎండిన వాగులు, తాటిచెట్ల ఎత్తున చేతులు చాచి నిలబడ్డ సగ్వారో జెముళ్లు. వాగుల గట్ల మీద పెరిగే మెస్కీట్ చెట్టు మన ఊళ్లను ఆక్రమించిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. టూసాన్ ఊళ్లో ఏడాదికి పడే వాన సుమారు 290 మిల్లీమీటర్లు, ఫీనిక్స్‌లో 200కు లోపే. కరువుకు మారుపేరైన అనంతపురంలో 550 దాకా పడుతుంది. ఆ లెక్కతో చూస్తే అక్కడి నీటి కొరత ఎలాంటిదో బోధపడుతుంది. అంత తక్కువ నీటి మీద అక్కడ రెండు జాతుల జింకలు తరతరాలుగా బతుకుతున్నాయి. వాటి ఎద కాలం, అవి మేసే చోటు, వాటిని వెతికే పద్ధతి, చివరికి వేటగాడి భుజాన వేలాడే తుపాకి, అన్నీ ఆ నీటి లెక్కకు లోబడే ఉంటాయి.

మొదటిది ఎడారి మ్యూల్ డీర్. కంచరగాడిద చెవుల్లాంటి పెద్ద చెవుల వల్ల దానికా పేరు. ఆ చెవులు వినడానికే కాక ఒంటి వేడిని వదిలించుకోవడానికీ పనికొస్తాయి. కొండల అడుగున ఉండే వాలు నేలలు, వాగు పాయలు దీని నివాసం. బెదిరితే నాలుగు కాళ్లూ ఒక్కసారే నేల మీద తన్ని బంతిలా ఎగురుతూ పోతుంది. రెండోది కూజ్ వైట్‌టెయిల్, తెల్లతోక జింకల్లో పొట్టి రకం. బాగా ఎదిగిన పోతు 45 కిలోలు తూగితే పెద్దదే. ఓక్ చెట్లూ గడ్డీ ఉండే ఎగువ కొండలు దానికి ఇష్టం. చిరికావా, శాంటా రీటా, హువాచూకా వంటి పర్వతాలు ఎడారి మధ్య దీవుల్లా లేచి ఉంటాయి. ఆ దీవుల్లోనే కూజ్ జింకలు ఎక్కువ. 1860లలో ఫోర్ట్ విప్పుల్‌లో సైనిక వైద్యుడిగా పనిచేసిన పక్షిశాస్త్రజ్ఞుడు ఎలియట్ కౌజ్ పేరు దానికి పెట్టారు. ఆయన కుటుంబం కౌజ్ అనే పలికేది, వేటగాళ్ల నోట అది కూజ్ అయి స్థిరపడింది. కొండ రంగులో కలిసిపోయి కంటి ముందే మాయమయ్యే గుణం చూసి దాన్ని బూడిదరంగు దెయ్యం అనీ అంటారు.

కొమ్ముల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మనం కృష్ణజింక అని పిలిచే ఇర్రి నిజానికి ఈ కుటుంబానిది కాదు. దాని కొమ్ము జీవితాంతం నిలిచి ఉంటుంది. మ్యూల్ డీర్, కూజ్ జింకల కొమ్ములు మన దుప్పి కొమ్ముల్లా ఏటేటా రాలి మళ్లీ మొలుస్తాయి. అంత కొమ్మును కొద్ది నెలల్లో పెంచడానికి ఒంట్లోని ఖనిజాలు ఖర్చవుతాయి. వానలు బాగా కురిసి మేత దొరికిన ఏడు కొమ్ములు బలంగా వస్తాయి, ఎండిన ఏడు సన్నబడతాయి.

ఇక ఎద కాలం. తెల్లతోక జింక అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది. ఉత్తరాదిన అది నవంబరు నడుమ ఎదకొస్తుంది. ఎడారిలో అదే జాతి జింక ఇంకా రెండు నెలలు ఆగుతుంది. డిసెంబరు చివర కదలిక మొదలై జనవరి నడిమికి, అంటే మనకు సంక్రాంతి వచ్చే రోజులకు, ఉద్ధృతమవుతుంది. ఎడారి మ్యూల్ డీర్‌దీ దాదాపు ఇదే వరస. ఈ ఆలస్యానికి కారణం చలి కాదు, ఆరు నెలల తర్వాత రాబోయే వాన.

జింక చూడి కాలం సుమారు 200 రోజులు. ఉత్తరాదిన నవంబరులో చూడి కట్టిన జింక మే చివరో జూన్ మొదట్లోనో ఈనుతుంది. అప్పటికి అక్కడ మంచు కరిగి పచ్చిక లేచి ఉంటుంది. అదే లెక్క అరిజోనాలో నడిస్తే కూన కళ్లు తెరిచేది ఏడాది మొత్తంలో అతి కఠినమైన రోజుల్లో. మే, జూన్ నెలల్లో అక్కడ వాన దాదాపు పడదు. పల్లపు ఎడారిలో ఎండ 43 డిగ్రీలు దాటడం మామూలు. తల్లికే మేత లేనప్పుడు పాలెక్కడివి? జనవరి 10న చూడి కట్టిందనుకుంటే 200 రోజులకు జూలై 29 వస్తుంది. అప్పటికి తొలి వానలు పడి మూడు నాలుగు వారాలై, కొండ పచ్చబడి, తల్లి పొదుగు నిండి, కూన దాక్కోవడానికి మోకాలెత్తు గడ్డి లేచి ఉంటుంది. కొయోట్ నక్క ముక్కు నుంచి, ప్యూమా కంటి నుంచి కూనను కాచేది ఆ గడ్డే.

జింకకు వాన రాబోతోందని తెలియదు. దానికి తెలిసింది పగలు కుదించుకుపోవడం, రాత్రి సాగడం. ఒంట్లో ఎదను లేపేది ఆ వెలుగు మార్పే. వానకు ముందే పుట్టిన కూనలు తరతరాలుగా ఎండకు చచ్చిపోగా, వానతో పాటు పుట్టినవి మిగిలి, వాటి సంతానమే ఈ నేలను నింపింది. పురోహితుడు లేకుండా, పంచాంగం లేకుండా, వాన నుంచి వెనక్కి లెక్కపెట్టి కుదిరిన ముహూర్తం ఇది. ప్రకృతిలో ఇంత ఓపికైన గణితం అరుదు.

అక్కడి మనుషులదీ ఇలాంటి పంచాంగమే. సొనోరాలోనూ టూసాన్‌లోనూ పాతకాపులు జూన్ 24న, సెయింట్ జాన్ పండుగ రోజున, వానాకాలం మొదలైనట్టు ఎంచుతారు. టొహోనో ఓదమ్ ప్రజలు అదే రోజుల్లో సగ్వారో పండ్లు పొడవాటి గడలతో కోసి, ఆ రసాన్ని పులియబెట్టి, వానను పిలిచే పూజ చేసుకుంటారు. వాళ్లకు కొత్త ఏడు అక్కడి నుంచే మొదలు. తెలుగు రైతు వాన కోసం చూసే కార్తె పేరు మృగశిర, అంటే జింక తల. ఈ రెండు నేలలకూ సంబంధమేమీ లేదు, అయినా జింకనూ తొలకరినీ ఒకే మాటలో ఇమిడ్చిన భాష మాట్లాడేవాళ్లకు ఈ 200 రోజుల లెక్క ఇట్టే మనసుకెక్కుతుంది.

ఎదకొచ్చిన పోతు తీరే మారిపోతుంది. ఏడాది పొడుగునా పగలు నీడ వదలని జింక పట్టపగలు ముక్కు నేలకు ఆనించి ఆడజింక జాడ పట్టుకుని నడుస్తుంది. మేత తగ్గిస్తుంది, చిక్కిపోతుంది. ఇంకో పోతు ఎదురైతే మెడ బిగించి కొమ్ములు కలుపుతుంది. ఎండిన కొమ్ముల జతను ఒకదానికొకటి తాటిస్తే ఆ చప్పుడుకు పరుగెత్తి వచ్చే పోతులున్నాయి. వేటగాడు ఈ రోజుల్లో పోతు కోసం వెతకడు. ఆడజింకల మంద ఎక్కడుందో కనిపెట్టి దాని మీదే కన్నుంచుతాడు. పోతు నేడో రేపో అక్కడికే వస్తుంది.

అరిజోనా చట్టం ఇక్కడ ఒక గీత గీసింది. తుపాకి వేట సీజన్లు అక్టోబరు నుంచి డిసెంబరు 31 దాకా విడతలుగా సాగి ఆగిపోతాయి. ఎద పతాక స్థాయికి చేరే జనవరి నెల విల్లుకు మాత్రమే. డిసెంబరు చివరి విడత తుపాకి ట్యాగులు, అంటే వేట అనుమతి చీటీలు, కొద్దివే. వాటిని లాటరీ తీసి ఇస్తారు. ఏటా దరఖాస్తు పెట్టి రానివాళ్లకు బోనస్ పాయింట్లు జమ అవుతాయి, అయినా ఆ విడత కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఎందరో. విల్లుతో సఫలమయ్యేవాళ్లు తక్కువ కాబట్టి జనవరిలో ఎక్కువమందిని అడవిలోకి అనుమతించినా మంద తరగదన్నది ప్రభుత్వ శాఖ లెక్క. ఇటీవలి ఏళ్లలో విల్లు వేటకూ ప్రాంతాల వారీగా పరిమితి పెట్టి, అది నిండగానే సీజను మూసేస్తున్నారు. సరిహద్దు అవతల సొనోరా పశుక్షేత్రాల్లో పరిస్థితి వేరు. అక్కడ జనవరిలోనూ తుపాకితో వేటాడనిస్తారు, అందుకు పెద్ద మొత్తమే వసూలు చేస్తారు.

భారతంలో పాండురాజు కథ ఈ గీతకు మనవైపు సాక్ష్యం. వేటకు పోయిన రాజు కలిసి ఉన్న జింకల జంటను బాణాలతో కొట్టాడు. ఆ పోతు జింక రూపంలో ఉన్న కిందముడనే ముని. మృగాలను వేటాడడం రాజులకు ధర్మమేనని పాండురాజు వాదిస్తే ముని దాన్ని కాదనలేదు. చంపినందుకు కాదు, చంపిన వేళకే తన ఆక్షేపణ అన్నాడు. శాపం తగిలింది ఆ వేళను మన్నించనందుకే. అరిజోనా అధికారులు జింకల జనాభా లెక్కలు చూసి గీసిన గీత, మన పురాణం ధర్మం చూసి గీసిన గీత దాదాపు ఒకే చోట పడ్డాయి. తన జాగ్రత్తను తానే మరిచిపోయిన ప్రాణిని 400 గజాల దూరం నుంచి కొట్టడం సులువు, ఆ సులువులోనే అన్యాయం ఉంది. విల్లు పట్టినవాడు 40 గజాల దగ్గరికి పోవాలి, అంత దగ్గర జింక కన్నూ ముక్కూ మళ్లీ పనిలోకి దిగుతాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింకను కొట్టడం ఏ వేళనైనా నేరమే. అక్కడ వేట సాగుతోంది, కానీ దాని మీద వచ్చే డబ్బుతోనే అడవి సంరక్షణ కూడా నడుస్తోంది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల ఖాతాకే చేరుతుంది.

నీటి చోట్ల గురించి కొద్దిగా. పశువుల కోసం తవ్విన మట్టికట్టల కుంటను అక్కడి పశుక్షేత్రాల్లో ట్యాంక్ అంటారు. మన ఇరిగేషన్ కాగితాల్లో చెరువుకు రాసే మాటే అది. వేసవిలో జింక దాదాపు రోజూ నీటికి రావాల్సిందే, తరచుగా చీకట్లో వస్తుంది. శీతకాలపు చినుకులు పడి లేతాకు వచ్చాక, నాగజెముడు మట్టల్లోని తేమతోనే చాలావరకు గడుపుకుంటుంది. అందుకే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కుంట దగ్గర మాటు వేయడం ఫలిస్తుంది, జనవరిలో అదే మాటు చాలాసార్లు వృథా. ఒకే ఒక్క నీటి చోటును మనుషులు ఆక్రమించి జంతువుల నోరు ఎండగట్టకూడదని చట్టం ఉంది. పావు మైలు లోపల అలా బస వేయడం నేరం. నీటి చోట్ల చుట్టూ కెమెరాలు బిగించి జింక రాకపోకలను ఫోనులో చూసుకునే అలవాటు ముదిరాక, 2022 జనవరి 1 నుంచి వేట కోసం అలాంటి కెమెరాలు వాడడాన్ని అరిజోనా నిషేధించింది. చాలా మంచి పని. దాహంతో వచ్చే ప్రాణికి ఆ ఒక్క చోటైనా దాపరికం మిగలాలి.

ఎడారి వేటలో కాళ్లకంటే కళ్లకు పని ఎక్కువ. దట్టమైన అడవిలో జింక 50 గజాల్లో ఎదురుపడుతుంది. ఇక్కడ ఒక కొండ మీద కూర్చుంటే ఎదుటి కొండ మొత్తం మైలు దూరం దాకా కనబడుతుంది, అంత జాగాలో మేకంత జింకను పట్టుకోవాలి. దీన్ని అక్కడ గ్లాసింగ్ అంటారు. 10 రెట్లు, 15 రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్లను ట్రైపాడ్ మీద బిగించి, తెల్లవారకముందే గట్టెక్కి, చిన్న పీట మీద కూర్చుంటారు. చేత్తో పట్టుకుంటే గుండె కొట్టుకునే అదురుకే బొమ్మ వణుకుతుంది. ట్రైపాడ్ మీద అది రాయిలా నిలిచిపోతుంది, అప్పుడు దానిలో కదిలేదొక్కటే కంటికి తగులుతుంది. ఎదుటి కొండను వరిమడుల్లా గళ్లు గళ్లుగా మనసులో విడగొట్టుకుని ఒక్కొక్క గడినీ ఆపి చూడాలి. జింక మొత్తం కనబడాలని ఎదురుచూసేవాడికి అది ఎన్నటికీ కనబడదు. నిలువు కొమ్మల మధ్య అడ్డంగా ఒక వీపు గీత, చెవి విదిలింపు, పొద మొదట్లో తడిసి మెరిసే ముక్కు, ఇవే దొరికేవి.

వెలుగు నడక తెలిసినవాడికే ఈ విద్య పట్టుబడుతుంది. శీతకాలం పొద్దున్నే జింకలు తొలి ఎండ తగిలే తూర్పు వాలుకు వస్తాయి. ఎండ ముదిరేకొద్దీ ఒక పొద నీడలో పడుకుంటాయి. ఇక అయిపోయిందని చాలామంది దిగిపోయేది అప్పుడే. కానీ నీడ ఒకచోట ఉండదు. పదకొండు, పన్నెండు గంటలకు అది జరిగిపోగానే జింక లేచి, ఒళ్లు విరుచుకుని, నాలుగడుగులు వేసి కొత్త నీడలో మళ్లీ పడుకుంటుంది. ఆ నాలుగడుగులు రెండు నిమిషాల పని. పొద్దుటి నుంచీ ఒకే కొండను చూస్తూ కూర్చున్నవాడికి ఆ రెండు నిమిషాలే కూలి.

కనబడ్డాక దగ్గరికి చేరడం వేరే పని. పొద్దున చల్లటి గాలి కొండ మీంచి కిందికి జారుతుంది, ఎండెక్కాక వేడెక్కి పైకి పాకుతుంది. జింక ముక్కుకు మనిషి వాసన చేరితే మిగతా జాగ్రత్తలన్నీ వ్యర్థం కాబట్టి, దారి ఎంచుకునేది గాలిని బట్టే. చోయా జెముడు ముళ్లు తాకితే గుత్తులుగా ఊడి చర్మానికి అంటుకుంటాయి. వాటిని పీకడానికి దువ్వెన జేబులో పెట్టుకుపోతారు.

తుపాకి మాట ఇంత ఆలస్యంగా రావడం ఈ వేట స్వభావంలోనే ఉంది. కూజ్ జింకకు పెద్ద గుండు అక్కర్లేదు. కావలసింది లోయకు అడ్డంగా 300 గజాలు పెద్దగా వంగకుండా పోయే గుండు, రోజంతా కొండలెక్కినా భుజాన్ని కుంగదీయని తుపాకి, కాల్చినప్పుడు ఎదురు తన్ని జంకు నేర్పని తూటా. 1925లో వచ్చిన 270 వించెస్టర్ ఈ మూడింటికీ అతికినట్టు సరిపోయింది. 1902లో అరిజోనాలో పుట్టిన జాక్ ఓకానర్ దాన్ని ప్రసిద్ధం చేశాడు. టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధించిన ఆయన సొనోరా, అరిజోనా కొండల్లో వేటాడి, 1939లో ‘గేమ్ ఇన్ ద డెజర్ట్’ పుస్తకం తెచ్చి, ఆ తర్వాత ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో దశాబ్దాల పాటు తుపాకుల శీర్షిక నడిపాడు. 130 గ్రెయిన్ల గుండుతో ఆ తూటా సెకనుకు 3,000 అడుగుల పైన వేగంతో బయల్దేరుతుంది. 200 గజాలకు గురి సరిచేసి పెట్టుకుంటే 300 దగ్గర అరడుగు మాత్రమే దిగుతుంది, 400 దగ్గర సుమారు 20 అంగుళాలు. 243 వించెస్టర్, 7 ఎంఎం-08, 308 వించెస్టర్, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ కూడా ఈ పనికి చక్కగా సరిపోతాయి. మ్యూల్ డీర్ పోతు కూజ్ పోతుకు రెట్టింపు బరువుండవచ్చు, అయినా ఇవే తూటాలు దానికీ చాలు. వీటిలో ఏది మేలన్న వాదులాటకు పోయే సమయం గురి సాధనకు పెట్టడం మంచిది. ఉత్తర అరిజోనాలో మాత్రం గుండు లోహం గురించి ఆలోచించాలి. 1996 నుంచి అక్కడ మళ్లీ వదిలిన కాలిఫోర్నియా కాండర్ రాబందులు, వేటగాళ్లు వదిలిన పేగుల్లోని సీసం తునకలు మింగి చస్తున్నాయి. అందుకే రాగి గుండ్లు వాడమని వేటగాళ్లకు ప్రోత్సాహకాలిచ్చి ఒప్పిస్తున్నారు.

కొండ వాలులో దూరం మోసం చేస్తుంది. గుండును కిందికి లాగేది అడ్డదూరమే. 30 డిగ్రీల వాలున 400 గజాలు కనబడితే గురికి లెక్కవేయాల్సింది సుమారు 346. ఈ లెక్క తప్పినవాడి గుండు జింక వీపు మీంచి పోతుంది. గాలి అంతకంటే కష్టం. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 400 గజాల దగ్గర గుండును అడుగుకు అటూఇటూగా పక్కకు నెడుతుంది, పైగా లోయలో గాలి మూడు చోట్ల మూడు దిక్కులకు వీస్తుంది. దాన్ని చదవడానికి ఎండమావి ఉపయోగపడుతుంది. స్కోపులో కనబడే ఆవిరి తరగలు నిట్టనిలువుగా లేస్తుంటే గాలి లేనట్టు, పక్కకు పారుతుంటే ఆ వైపుకు గాలి. సంస్కృతంలో ఎండమావి పేరు మృగతృష్ణ, జింక దాహం. ఇక్కడ ఆ దాహపు నీడలోంచే జింక మీదికి గురి కుదురుతుంది.

గుండెకాయ, ఊపిరితిత్తులు ఉన్న చోటు కూజ్ జింకలో జానెడుకు తక్కువ. పరికరాలు మెరుగయ్యాక 600, 700 గజాల నుంచి కాల్చడం గొప్పగా చెప్పుకునేవాళ్లు పెరిగారు. 600 గజాలు పోవడానికి గుండుకు ముప్పావు సెకను పడుతుంది. ఆ ముప్పావు సెకనులో జింక ఒక్క అడుగు వేస్తే గుండెకు తగలాల్సింది కడుపుకు తగులుతుంది, అది రెండు రోజులు నలిగి చస్తుంది. రాయి మీద గురిపెట్టి పదికి పదిసార్లు కొట్టగల దూరమే ఎవరి హద్దైనా. అంతకు మించి ఉంటే ఇంకో వంద గజాలు పాకాలి, లేదా ఆ రోజుకు వదిలేయాలి.

పడ్డ తర్వాత మొదటి పని ట్యాగు కట్టడం, రెండోది చల్లార్చడం. అక్టోబరు వేటలో పగటి వేడి 30 డిగ్రీలు దాటొచ్చు, పేగులు వెంటనే తీసి తోలు ఒలిచి పల్చటి గుడ్డ సంచుల్లో నీడకు వేలాడదీయకపోతే మాంసం చెడుతుంది. తినదగిన మాంసాన్ని పారేయడం చట్టప్రకారం నేరం. డిసెంబరు రాత్రులు ఎడారి గాలి ఆరినదై, చల్లనిదై, సహజమైన శీతలగది అయి కూర్చుంటుంది. కూజ్ జింకను ఎముక తీసి కోసుకుంటే ఒక మనిషి ఒక్కసారికే వీపున మోసుకుని దిగిపోవచ్చు, మ్యూల్ డీర్‌కు రెండు మూడు తిరుగుళ్లు తప్పవు. కండ ఎర్రగా, కొవ్వు లేకుండా ఉంటుంది, ఎక్కువ ఉడికితే బిరుసెక్కుతుంది. సొనోరా ఇళ్లలో మాంసాన్ని పల్చటి పొరలుగా చీల్చి, ఉప్పు రాసి, తీగల మీద ఎండకు ఆరేస్తారు. మన ఒట్టి తునకల్లాగే అది రెండు మూడు రోజుల్లో చిటుక్కుమని విరిగేంత ఎండుతుంది. తర్వాత దాన్ని దంచి, మిరపకాయలూ ఉల్లిపాయలూ వేసి వేయించుకుంటారు.